వెండి రంగు కింద వేడి

ఉద్యోగంలో నా చేత్తో ఎంపిక చేసిన పరికరాలన్నిట్లోకీ చిన్నది ఒక థర్మల్ కెమెరా. వెలుతురుతో పనిలేకుండా, చీకట్లో వస్తువుల వేడిని బొమ్మగా చూపించేది. రెండు రకాలు తెచ్చి ముందు పెట్టి, ఒకటి ఎంచుకోమని ఎనిమిది రోజులు గడువిచ్చారు. అందులో ఆరు రోజులు నేను తప్పు దారిలో నడిచాను. నడిచిందేదో తల దించుకుని నడిచానా అంటే అదీ లేదు, బాగా ఎగరేసుకునే నడిచాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు గానీ, అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్లయిన రోజుల మాట. నేను కరెంటు శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్ని. మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే పాసింజరు బండెక్కి ఏలూరులో దిగి, స్టాండులో పెట్టుకున్న స్కూటీ తీసుకుని కొల్లేటి వైపున్న మా సబ్‌స్టేషనుకు వెళ్లేదాన్ని. ఆ సెక్షనుకు ఆడ ఆఫీసరు రావడం అదే మొదలు. నేను ఊళ్లో అడుగు పెట్టకముందే మేడం గారొస్తున్నారన్న కబురు వెళ్లిపోయేది. అది నాకు బాగానే ఉండేది. కాలేజీలో ఫస్టు క్లాసు, ఇంట్లో గారాబం, ఆఫీసులో సంతకం పెట్టే అధికారం. ఇక కాళ్లు నేలమీద ఆనమంటే ఎలా ఆనుతాయి?

మా సబ్‌స్టేషను నుంచి లంక ఊళ్లకు ఒక ఫీడరు, అంటే ఒక కరెంటు లైను, వెళ్లేది. చేపల చెరువుల గట్ల వెంట కొంత దూరం, నీళ్లలో నిలబెట్టిన స్తంభాల మీదుగా కొంత దూరం. చెరువుల మోటార్లన్నీ దాని మీదే. మబ్బు పట్టి గాలి ఆడని రోజున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు మోటార్లు వేసి కొత్త నీళ్లు పెట్టకపోతే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలే. అందుకని ఆ లైను పావుగంట ఆపాలన్నా నాకు పది ఫోన్లు వచ్చేవి. నేను కాదంటే ఏలూరు ఆఫీసుకు చేసేవాళ్లు.

తీగను తీగతోనో, పరికరంతోనో బిగించి పట్టి ఉంచే వాటిని క్లాంపులంటారు. క్లాంపు బిగువు తగ్గితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. చివరికి నిప్పులా ఎర్రబడి అక్కడి తీగ తెగిపోతుంది. మా వాళ్లు దాన్ని రెడ్ హాట్ అంటారు. ఇళ్లలో దీపాలు వేసే వేళ, లోడు ఎక్కువగా ఉన్నప్పుడు, చీకట్లో లైను కింద నడుస్తూ పైన ఎక్కడైనా ఎర్రగా ఉందేమో చూడటం మా శాఖలో పాత అలవాటు. కానీ కంటికి ఎరుపు కనబడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వేడి మొదలవుతుండగానే పట్టుకునే కెమెరా కావాలని ఏలూరు మీటింగులో నేను గట్టిగా వాదించాను. మా సూపరింటెండింగ్ ఇంజినీరు గారు, అందరం ఎస్.ఈ. గారు అనేవాళ్లం, చివరికి ఒప్పుకున్నారు. అడిగిన దానివి నువ్వే కాబట్టి పరీక్ష చేసి ఏది కొనాలో నువ్వే రాయమ్మా అని ఆ పని నా నెత్తినే పెట్టారు.

అదే వారం నా బల్ల మీద ఇంకో ఫైలు ఉంది. మా లైన్ ఇన్‌స్పెక్టరు గారికి నేనిచ్చిన మెమో తాలూకు ఫైలది.

ఆయనకు ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. మిషను వాళ్ల చర్చి పక్క వీధిలో పుట్టి పెరిగిన మనిషి. ఆదివారం తెల్ల చొక్కాతో ప్రార్థనకు వెళ్లి, మధ్యాహ్నానికల్లా ఖాకీ చొక్కాతో డ్యూటీలో ఉండేవారు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆయనకొక సొంత పద్ధతి ఉండేది. చర్చిలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఒక రేకు డబ్బాలో దాచేవారు. కరెంటు పారని పొడవాటి ఇన్సులేటెడ్ రాడ్డు చివర ఒక ముక్క కట్టి, కింద నిలబడి, పైనున్న క్లాంపుకు ఆనించేవారు. మైనం కరగకపోతే భయం లేదు, కరిగితే ఆ క్లాంపుకు మూడినట్టే. కరిగినప్పుడల్లా పెట్రోలింగు రిజిస్టర్లో గుండ్రటి అక్షరాలతో ‘మైనం కరిగింది’ అని రాసేవారు. అది చదివినప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు. ఆఫీసు రిజిస్టర్లో మైనం ఏమిటి, కరగడం ఏమిటి అని పక్క సెక్షను వాళ్లతో చెప్పి మరీ నవ్వేదాన్ని.

ఆ నెల మొదట్లో సబ్‌స్టేషను యార్డులోనే లంక ఫీడరు తీగ కాలి తెగింది. ఫీడరుకు మూడు తీగలు, మూడు క్లాంపులు ఉంటాయి. తెగింది నడిమి క్లాంపు దగ్గర. ఆరు గంటలు లైను లేదు. నేనే దగ్గరుండి, టార్చి పట్టుకుని, కొత్త తీగ వేయించి ఆ క్లాంపులోనే బిగింపించాను. తర్వాత పైవాళ్లు కారణం అడిగారు. లైన్ ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గా చూసుకోలేదని మెమో ఇచ్చాను. ఆయన జవాబులో, ఆ క్లాంపు వేడెక్కుతోందని ముందే రెండుసార్లు రిజిస్టర్లో రాశాననీ, మార్చడానికి లైను ఆపమని షట్‌డౌను అడిగితే ఇవ్వలేదనీ రాశారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను బిగింపించిన నాలుగో రోజున మూడోసారి రాశారు. అదే క్లాంపు, మైనం కరిగింది, మార్చాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. అది నా కళ్లెదుట బిగించిన క్లాంపు. అది వేడిగా ఉందంటే నా పని తప్పని అర్థం. మెమో నుంచి బయటపడటానికి ఈ పెద్దమనిషి అబద్ధాలు రాస్తున్నారని నిశ్చయించుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎస్.ఈ. గారు ఫైలు చూసి, కెమెరాల పరీక్ష ఎలాగూ ఉంది కదా, ఆ క్లాంపు మీదే చేద్దాం అన్నారు. అది వేడిగా ఉంటే మెమో కొట్టేయడం, చల్లగా ఉంటే తప్పుడు ఎంట్రీ రాసినందుకు ఛార్జిషీటు. ఛార్జిషీటు పడితే విచారణ తేలే దాకా పింఛను కాగితాలు కదలవు. అంతకంటే ముఖ్యం, ముప్పై నాలుగేళ్లు చేసిన మనిషి అబద్ధాలకోరు అన్న పేరుతో ఇంటికి వెళ్లాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నా మనసు ఇసుమంత కూడా కదలలేదు.

కెమెరాలు తీసుకుని హైదరాబాదు నుంచి కంపెనీ ఇంజినీరు వచ్చాడు. రెండిటినీ నా బల్ల మీద పరిచాడు. పెద్దది పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్ల కెమెరా అంత ఉంది. దానికో స్టాండు, కలిపి చూసుకోవడానికో లాప్‌టాప్. తెర మీద ఎరుపు, పసుపు, నీలం రంగులు. మధ్యలో ఒక ప్లస్ గుర్తు, అది ఎక్కడ పెడితే అక్కడ ఎన్ని డిగ్రీలో అంకె వేస్తుంది. చిన్నది మూడు సెల్లుల టార్చిలైటంత. మెడలో తాడుతో వేలాడదీసుకోవచ్చు, ఒక చేత్తో పట్టుకుని ఒక కన్నుతో చూడొచ్చు, వానకు తడిసినా ఫరవాలేదు. వేడిది తెల్లగా, చల్లది నల్లగా కనబడుతుంది. అంకె మాత్రం చెప్పదు. లైన్లు చూసుకోవచ్చు, రాత్రి నీళ్లలో పడవ వెతుక్కోవచ్చు, తప్పిపోయిన మనిషిని పట్టుకోవచ్చు, నిప్పంటుకుంటే పొగలోంచి చూడొచ్చు అని దాని గుణగణాలన్నీ వల్లించాడు. పది పనులకు పనికొచ్చేది ఏ పనికీ కుదురుగా పనికిరాదని నేను మనసులోనే దాన్ని పక్కన పెట్టేశాను. ఇంజినీరుకు అంకె కావాలి. అంకె లేని కెమెరాకూ కొవ్వొత్తికీ తేడా ఏముంది?

మూడో రోజు సాయంత్రం పరీక్ష. ఎస్.ఈ. గారు స్వయంగా వస్తున్నారు. మా శాఖలో పెద్దాఫీసరు వస్తున్నారంటే వెండి రంగు డబ్బా మూత తెరవాల్సిందే. గేటుకి వెండి రంగు, ఇనుప స్తంభాలకు వెండి రంగు, ట్రాన్స్‌ఫార్మరు రేడియేటర్లకు వెండి రంగు. లోపల నూనె కారుతున్నా సరే, పైకి తళతళలాడాలి. పైన పటారం లోన లొటారం అని వెక్కిరిస్తూనే ప్రతివాళ్లూ చేస్తారు. నేనూ చేయించాను. పొద్దున నలభై నిమిషాలు లంక ఫీడరు షట్‌డౌను తీసుకున్నాను. క్లాంపు మార్చడానికి నెలంతా దొరకని షట్‌డౌను రంగు వేయడానికి ఒక్క ఫోనుతో దొరికింది. ఎలాగూ లైను ఆపాం కదా అని, నా ఉత్సాహం కొద్దీ, క్లాంపులకు కూడా రెండు పూతలు వేయించాను.

నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డ లైన్ ఇన్‌స్పెక్టరు గారు నా దగ్గరకొచ్చారు.

"మేడం గారండీ, లైను ఎలాగూ ఆపే ఉంది కదండి. ఆ నడిమి క్లాంపు మార్చేస్తే ఓ పనైపోతుందండి."

మారిస్తే సాయంత్రం చూపించడానికి ఏముంటుంది? సాక్ష్యం మాయం చేయాలని చూస్తున్నారనుకున్నాను. అది అక్కడే ఉండాలి, కెమెరా చూడాలి అని గట్టిగా చెప్పాను. ఆయన సరేనండి అని మళ్లీ నిచ్చెన దగ్గరికి వెళ్లిపోయారు.

పొద్దు గుంకాక, ఎండ వేడి దిగాక, పెద్ద కెమెరా స్టాండు మీద పెట్టారు. కంపెనీ ఇంజినీరు యార్డు చుట్టూ చూసి, రంగు కొత్తగా వేశారా మేడం అని అడిగాడు. మెచ్చుకుంటున్నాడనుకుని, అవునండి, పొద్దున్నే వేయించాను అన్నాను. అతనింకేదో చెప్పబోతుంటే ఎస్.ఈ. గారు లాప్‌టాప్ వైపు వంగి అదేమిటి, ఇదేమిటి అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ప్లస్ గుర్తు నడిమి క్లాంపు మీద పెట్టారు. ముప్పై ఒకటి అని వేసింది. ముప్పై ఒకటంటే మన ఒంటి వేడి కూడా కాదు. గుర్తు పక్క క్లాంపు మీదికి ఒక్క క్షణం జరిగినప్పుడు ఆరు అని కనబడింది. దాన్ని ఎవరం పట్టించుకోలేదు. మాకు కావలసిన క్లాంపు నడిమిది, మాకు కావలసిన అంకె వచ్చేసింది.

లైన్ ఇన్‌స్పెక్టరు గారు, ఒక్కసారి మైనం పెట్టి చూపిస్తానండి అన్నారు. ఇంత ఖరీదైన మిషను చెప్పాక ఇంకా మైనం ఎందుకండీ అని నేనే ఆపాను. అక్కడున్న వాళ్లు నవ్వారు. ఎస్.ఈ. గారు జీపు ఎక్కుతూ, ఛార్జిషీటు డ్రాఫ్టు రాసి సోమవారం నాకివ్వు అన్నారు. నేను ఆ రాత్రే రాసేసి కవరులో పెట్టాను. అంత చక్కటి ఇంగ్లీషు నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

పెద్దదాన్ని తీసుకుని కంపెనీ ఇంజినీరు వెళ్లిపోయాడు. చిన్నదాన్ని ఫీల్డులో చూడమని నాకే వదిలాడు. వద్దనుకున్నదాన్ని కూడా వాడి చూశానని రిపోర్టులో రాయాలి కదా అని తీసుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లంక లైను చూడటానికి దోనె ఎక్కాను. తోసేవాడొకడు, నేను, లైన్ ఇన్‌స్పెక్టరు గారు. నేను ఛార్జిషీటు రాసిన మనిషి నేను జారకుండా దోనె అంచు పట్టుకుని నన్ను ఎక్కించారు.

గట్టు మీద చెరువుల వాళ్లు పోగయ్యారు. అందరూ అడిగింది ఒకటే, అందులోంచి చేపలు కనబడతాయా అని. కనబడవండి, నీళ్ల పైవేడి తప్ప లోపలిది కనబడదు అంటే ఒకాయన బాగా నిరుత్సాహపడి, మరి ఎందుకండీ అది అన్నాడు. నీళ్లలో ములిగిన గేదెల తలలు మాత్రం తెల్లగా కనబడ్డాయి. చెట్టు మీద పడుకున్న గూడబాతులు తెల్ల చుక్కల్లా ఉన్నాయి. పంపు షెడ్డు వెనక చీకట్లో చుట్ట కాలుస్తున్న కాపలామనిషి, మేడం కంట్లో పడ్డానని తెలియక హాయిగా కాలుస్తూనే ఉన్నాడు. పెద్ద కెమెరా తెచ్చి ఉంటే, ఈ కదిలే దోనెలో దాని స్టాండు ఎక్కడ నిలబెట్టేదాన్ని? ఆ ప్రశ్న నాకు వచ్చింది గానీ, వచ్చినంత వేగంగా తోసేశాను.

నీళ్లలో నిలబెట్టిన ఒక స్తంభం దగ్గర చూస్తే నాకు అన్నీ ఒకలాగే ఉన్నట్టు తోచింది. లైన్ ఇన్‌స్పెక్టరు గారు, నేనొకసారి చూడొచ్చాండి అని అడిగారు. ఇచ్చాను. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చారు.

"మూడిటినీ కలిపి చూడండి మేడం గారండి. ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలీదండి. రెండిటిలాగా లేనిది ఏదో అదేనండి."

చూశాను. నిజమే. రెండు అతుకులు బూడిద రంగులో ఉంటే మూడోది తెల్లగా ఉంది. మర్నాడు పొద్దున్న ఆ ఊళ్లకు మోటార్ల పని లేని గంటలో విప్పితే, లోపల బోల్టు తుప్పు పట్టి చేతికి ఊడొచ్చింది. ఆ అంకె లేని కెమెరాకు, అది చదవడం తెలిసిన మనిషికి నేను లోలోపల ఒక మార్కు వేశాను. ఛార్జిషీటు కవరు మాత్రం నా హాండుబాగులోనే ఉంది.

ఆరో రోజు ఆదివారం. కెమెరా ఇంటికి తీసుకెళ్లాను. పెరట్లో పొయ్యి మీద మా అత్తగారు స్నానాలకు నీళ్లు కాచారు. డేగిశా కింది సగం మసితో నల్లగా ఉంటుంది, పై సగం ఆవిడ రోజూ తోమి తోమి అద్దంలా ఉంచుతారు. సరదాకి కెమెరా అటు తిప్పాను. కింది సగం తెల్లగా వెలుగుతోంది. పై సగం నల్లగా, చలికాలం నూతినీళ్లంత చల్లగా కనబడుతోంది. నీళ్లు మెడ దాకా ఉన్నాయి, తెర్లుతున్నాయి. కెమెరా పాడైందనుకుని, పై సగం మీద వేలు పెట్టాను. వేలు చురుక్కుమంది.

మా అత్తగారు గబగబా వచ్చి నా వేలు చన్నీళ్ల చెంబులో ముంచారు.

"పొయ్యి మీద గిన్నె వేడిగా ఉంటుందని చెప్పడానికి మిషను కావాలా అమ్మా? చెయ్యి దగ్గర పెడితే సెగ తెలీదూ?"

వేలు నీళ్లలో ఉంచుకునే అలా నిలబడిపోయాను. ఒకే గిన్నె, ఒకే నీళ్లు. మసి పట్టిన చోటు ఉన్న వేడి చెబుతోంది. మెరిసే చోటు తన వేడి చెప్పకుండా, అద్దంలా పైనున్న చల్లటి ఆకాశాన్ని చూపిస్తోంది. అప్పుడు గబుక్కున, వెండి రంగు పూసిన పక్క క్లాంపు మీద కనబడ్డ ఆ ఆరు గుర్తొచ్చింది. దీపావళి వెళ్లిన రోజుల్లో, ఏలూరులో, సాయంత్రం పూట, కరెంటు పారుతున్న క్లాంపు ఆరు డిగ్రీలుంటుందా? మంచుగడ్డల ఫ్యాక్టరీలో కూడా తలుపు దగ్గర అంత చలి ఉండదు. పక్కది ఆరు చూపిస్తే నడిమిది ముప్పై ఒకటి చూపించింది. అంటే నడిమిది మిగతా రెండిటిలాగా లేదు. ఆ తేడా మా అందరి కళ్ల ముందూ తెర మీదే ఉంది. నేను అంకె చూశాను, తేడా చూడలేదు. పైగా వెండి రంగు పూయించింది నేను. క్లాంపు మార్చనివ్వనిదీ నేనే. మైనం పెడతానంటే అందరి ముందూ నవ్వుల పాలు చేసిందీ నేనే. కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు మండుతోందనుకుని అత్తగారు వెన్న రాశారు, నేను రాయించుకున్నాను.

అట్టపెట్టెలోంచి కెమెరాతో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. మెరిసే లోహాల విషయంలో జాగ్రత్త అని నాలుగో పేజీలోనే ఉంది. నేను మూడో పేజీ దాకా చదివి, నాకు తెలుసులే అని మూసేశాను.

సోమవారం ఏలూరులో దిగి ఎస్.ఈ. గారి ఆఫీసుకు వెళ్లలేదు. ఒక్కరోజు ఆగండి సార్ అని ఫోను చేసి సబ్‌స్టేషనుకు వెళ్లాను. సాయంత్రం లోడు పెరిగే దాకా ఆగి, లైన్ ఇన్‌స్పెక్టరు గారిని యార్డులోకి పిలిచి, మూడు క్లాంపులనూ కలిపి చిన్న కెమెరాలోంచి చూశాను. అటూ ఇటూ రెండూ కారు నలుపు. నడిమిది బూడిద రంగు. ఇప్పుడు మైనం పెట్టండి అన్నాను.

ఆయన రాడ్డు తెచ్చారు. ముందు ఈ పక్కది, మైనం అలాగే ఉంది. ఆ పక్కది, అలాగే ఉంది. నడిమి దానికి ఆనించిన రెండు క్షణాలకు కరిగి కారి, మెరిసే కొత్త రంగు మీద చార కట్టింది.

"నాదే తప్పండి. నేను మిమ్మల్ని అబద్ధమాడారన్నాను. క్షమించండి."

ఆఫీసులో నేను ఆ మాట అన్నది అదే మొదటిసారి. ఆయన రాడ్డు దించి, చివరి మైనం గుడ్డతో తుడిచారు.

"క్షమించడానికి నేనెవరినండి. కాకపోతే ఒక్కటండి. నన్ను జాలి తలచి వదిలేసినట్టు మాత్రం రాయకండి."

ఆ రాత్రే అరగంట షట్‌డౌను తీసుకున్నాను. ఫోన్లు వస్తే ఇంకో అరగంట పడుతుందని నేనే చెప్పి పెట్టేశాను. క్లాంపు విప్పితే లోపలి ముఖం గుంటలు పడి, సగం కాలి ఉంది. ఆ మొండి క్లాంపులో కొత్త తీగ బిగింపించి, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నది నేను. కొత్త క్లాంపు ఆయన తన చేత్తోనే బిగించారు.

మర్నాడు ఎస్.ఈ. గారి గదిలో బల్ల మీద కాలిన క్లాంపు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, లోకం తెలిసిన మనిషి. క్లాంపును అటూ ఇటూ తిప్పి చూసి, తగిన ఆధారాలు లేనందున మెమో ఉపసంహరించుకుంటున్నాం అని ఒక్క లైను రాసేయమ్మా, ఎవరికీ నొప్పి ఉండదు అన్నారు. ఆధారాలు లేవనడం కూడా ఇంకో వెండి రంగు పూతే. ఆయన తప్పు చేశారో లేదో తెలియదు, పోనీలే అని వదిలేశాం అన్నట్టుంటుంది. అలా రాయను సార్ అన్నాను. నా ఫైల్లో మచ్చ పడుతుందనీ, ముందు ముందు ప్రమోషన్ల దగ్గర ఎవడో ఒకడు అది బయటికి తీస్తాడనీ ఆయన నెమ్మదిగా హెచ్చరించారు. తియ్యనివ్వండి సార్, నిజమే కదా అన్నాను. ఆ క్షణంలో నాకు భయమే లేదు. అంతకుముందు ఆరు రోజులూ ఉన్న ధీమా వేరు, ఇది వేరు.

ఆ గదిలోనే కూర్చుని రెండు కాగితాలు రాశాను. ఒకటి కెమెరా రిపోర్టు. చిన్నదే కొనాలి. దోనెలో పనికొస్తుంది, వానలో పనికొస్తుంది, స్తంభం కింద ఒక్క మనిషి ఒక్క చేత్తో వాడుకోవచ్చు. అంకె చెప్పదు కాబట్టి మూడిటినీ పోల్చి చూడక తప్పదు, ఆ తప్పనిసరే మనకు మేలు చేస్తుంది. చూడబోయే క్లాంపులకు ఎవరూ వెండి రంగు వేయకూడదు. ఎస్.ఈ. గారు చివరి వాక్యం ఇంకోసారి చదివి సంతకం పెట్టారు. రెండోది మెమో రద్దు కాగితం. అదీ చదివి, నా మొహం ఒకసారి చూసి, దాని మీదా పెట్టారు.

రద్దు కాగితం కాపీ తీసుకుని సబ్‌స్టేషనుకు వెళ్లేసరికి లైన్ ఇన్‌స్పెక్టరు గారు డ్యూటీ దిగబోతున్నారు. ఇంకో తొమ్మిది రోజుల సర్వీసు మిగిలుంది ఆయనకి. కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు నడుపుతూ కొంత చదివి నాకు తిరిగి ఇచ్చారు.

"తెలుగులో చెప్పండి మేడం గారండి. నాకు సరిగ్గా అర్థం కావాలండి."

"రిజిస్టర్లో లైన్ ఇన్‌స్పెక్టరు మూడుసార్లు రాసిందీ నిజం అని ఉందండి. తప్పు అసిస్టెంట్ ఇంజినీరుది అని ఉందండి."

ఆయన కాగితం మళ్లీ తీసుకున్నారు. ఏ వాక్యం ఎక్కడుందో చూపించమన్నారు, చూపించాను. మొదటి వాక్యం మీద వేలు పెట్టి ఇంకోసారి చదువుకున్నారు.

"ఈ మొదటి ముక్క మా ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తానండి. రెండోది చదవనండి."

రెండో వాక్యం లోపలికి పోయేలా కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్లిపోయారు.